ఒకే రూపాయికి వేరువేరు పేర్లు: డబ్బు దగ్గర మన మనసు వేసే లెక్కలు

ఇంట్లో రెండు లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంటుంది, అదే ఇంట్లో క్రెడిట్ కార్డు మీద ఎనభై వేల బాకీ కూడా ఉంటుంది. డిపాజిట్ మీద ఏడాదికి 7 శాతం వడ్డీ వస్తుంటే కార్డు బాకీ మీద నెలకి 3.5 శాతం పోతుంటుంది. కాగితం మీద పెట్టి చూస్తే ఆ బాకీకి నెలకి 2,800 రూపాయలు వడ్డీ కడుతున్నారు, అదే ఎనభై వేలు డిపాజిట్‌లో పడున్నందుకు నెలకి 470 రూపాయలు కూడా రావడం లేదు. ఏడాది తిరిగేసరికి తేడా 28 వేలు, అదీ వడ్డీ మీద పడే 18 శాతం జీఎస్‌టీ కలపకుండానే. డిపాజిట్‌లోంచి తీసి ఆ కార్డు బాకీ కట్టేయొచ్చు కదా అని ఎవరైనా అడిగితే జవాబు ఠక్కున వస్తుంది: "అది పాప పెళ్లికి దాచిందండీ, దాన్ని ముట్టుకునేది లేదు."

లెక్కలు రానివాళ్లే ఇలా చేస్తారని అనుకోవడానికి లేదు. రోజంతా ఆఫీసులో వేరేవాళ్ల డబ్బుకి వడ్డీ లెక్కలు కట్టేవాళ్లు కూడా సొంత ఇంటికొచ్చేసరికి ఇదే పని చేస్తుంటారు. పాఠాల్లో చెప్పే ఆర్థికశాస్త్రం ప్రకారం రూపాయి ఎక్కడున్నా రూపాయే. జీతంగా వచ్చిన వెయ్యికీ, పాత చొక్కా జేబులో దొరికిన వెయ్యికీ, నానమ్మ చేతిలో పెట్టిన వెయ్యికీ ఏ తేడా ఉండకూడదు. కానీ మన ఇళ్లలో డబ్బు గడప దాటి లోపలికి రాగానే దానికో పేరు పడుతుంది. ఫీజు డబ్బు, చీటీ డబ్బు, చదివింపుల డబ్బు, పుట్టింటివాళ్లు ఇచ్చిన డబ్బు, బోనస్, అరియర్స్. పేరు పడ్డాక అది దేనికి ఖర్చవ్వాలో, దేనికి అవకూడదో కూడా అప్పుడే తేలిపోతుంది. ఎవరూ కూర్చుని తీర్మానం చేయరు, అలా జరిగిపోతుందంతే. అమెరికన్ ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ 1980ల్లో ఈ అలవాటుకి మెంటల్ అకౌంటింగ్ అని పేరు పెట్టి, దాని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. 2017లో ఆయనకి ఆర్థికశాస్త్రంలో నోబెల్ రావడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

ఈ లెక్క ఎంత బలంగా పనిచేస్తుందో చెప్పడానికి డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు అడిగిన ప్రశ్న ఒకటి ఉంది. (కానెమన్‌కి 2002లో ఆర్థికశాస్త్రంలోనే నోబెల్ వచ్చింది, ట్వెర్‌స్కీ అప్పటికే, 1996లో, చనిపోయారు.) నాటకం చూద్దామని వెళ్లారు, టికెట్ పది డాలర్లు. గేటు దగ్గరికి వచ్చేసరికి జేబులోంచి పది డాలర్ల నోటు ఎక్కడో పడిపోయిందని తెలిసింది. అయినా టికెట్ కొంటారా? నూటికి 88 మంది కొంటామన్నారు. ఇంకొందరికి అదే ప్రశ్న చిన్న మార్పుతో వేశారు: టికెట్ ముందే కొన్నారు, గేటు దగ్గరికి వచ్చేసరికి ఆ టికెట్ పోయింది, ఇంకోటి కొంటారా? ఈసారి కొంటామన్నవాళ్లు నూటికి 46 మందే. రెండు చోట్లా పోయింది పది డాలర్లే, ఇంకా పెట్టాల్సిందీ పది డాలర్లే. కానీ నోటు పోతే ఆ నష్టం ఏ పేరూ లేని డబ్బులోంచి పోయినట్టు, టికెట్ పోతే మాత్రం "నాటకం" అనే ఖాతాలో అప్పుడే పది రాసేసినట్టు. ఇంకో పది పెడితే ఒక్క నాటకానికి ఇరవై అయిందనిపిస్తుంది, చెయ్యి ముందుకు రాదు.

వాళ్లదే ఇంకో ప్రశ్న 1981లో అచ్చయింది. పదిహేను డాలర్ల కాలిక్యులేటర్ ఇంకో షాపులో ఐదు డాలర్లు తక్కువకి దొరుకుతుందంటే, ఇరవై నిమిషాలు కారు నడుపుకుంటూ అక్కడికి వెళ్తామన్నవాళ్లు 68 శాతం. కాలిక్యులేటర్ ధర 125 డాలర్లయి, తగ్గేది అదే ఐదు డాలర్లయితే వెళ్తామన్నవాళ్లు 29 శాతం. ఇరవై నిమిషాలూ మారలేదు, ఐదు డాలర్లూ మారలేదు. పక్కన ఉన్న అంకె మారింది.

దీన్ని కళ్లారా చూడాలంటే బంగారం షాపుకి వెళ్తే చాలు. నలభై గ్రాముల హారం, గ్రాము పది వేలు అనుకుంటే బంగారం విలువే నాలుగు లక్షలు. సేల్స్‌మాన్ తరుగు 14 శాతం అంటాడు, కాసేపు బేరం నడిచాక మేనేజర్ వచ్చి కూల్‌డ్రింక్ తెప్పించి "మీకోసం 13 చేస్తాను మేడమ్" అంటాడు, ఇంకో మాట లేకుండా బిల్లు వేయించేసుకుంటారు. అక్కడ ఒక్క శాతం అంటే నాలుగు వేలు. ఇంకో పది నిమిషాలు గట్టిగా కూర్చునుంటే 12కో 11కో దిగేదేమో, ఎవరూ కూర్చోరు, ఎందుకంటే నాలుగు లక్షల పక్కన నాలుగు వేలు కంటికి ఆనవు. షాపులోంచి బయటికి వచ్చాక అదే మనిషి ఆటోవాడితో ఇరవై రూపాయల దగ్గర ఐదు నిమిషాలు వాదిస్తారు. అలా ఆటోల దగ్గర రెండు వందల సార్లు గెలిస్తే గానీ ఆ ఒక్క శాతం తిరిగి రాదు.

పెళ్లి ఖర్చు చేయి దాటిపోయేది కూడా ఇక్కడే. పదిహేను లక్షల పెళ్లిలో స్టేజీ పూలకి ఇంకో ముప్పై వేలు, ఫొటోలవాళ్లు డ్రోన్ పెడితే ఇంకో పాతిక వేలు, మెనూలో రెండు స్వీట్లు పెంచితే ప్లేటుకి నలభై ఎక్కువ. విడివిడిగా చూస్తే ప్రతిదీ "ఇంత పెట్టాం, దీనికేముందిలే" అన్నట్టే ఉంటుంది. మామూలు నెలలో ముప్పై వేల ఖర్చు గురించి ఇంటిల్లిపాదీ కూర్చుని రెండు వారాలు ఆలోచిస్తారు, పెళ్లి ఖాతాలోకి వచ్చేసరికి అదే ముప్పై వేలు ఫోన్లో ఒక్క "సరే"తో అయిపోతాయి. డెకరేషన్‌వాళ్లకీ క్యాటరింగ్‌వాళ్లకీ ఈ సంగతి బాగా తెలుసు. అందుకే పెద్ద అంకె ఖాయం చేసుకున్న తర్వాతే ఈ చిన్నచిన్నవి ఒక్కొక్కటీ బయటికి తీస్తారు.

ఇంతవరకూ చదివితే మనసు వేసే లెక్కలన్నీ తప్పుల తడక అనిపించవచ్చు. ఇలాంటి విషయాల మీద వచ్చే రాతలు చాలావరకు అక్కడే ఆగిపోతాయి కూడా: మనుషులు తెలివితక్కువగా ఆలోచిస్తారు, ఇదిగో జాబితా, జాగ్రత్త. అది సగం మాటే. డబ్బుకి పేర్లు పెట్టడం మొదలైంది అజ్ఞానం వల్ల కాదు, అవసరం కొద్దీ. చేతిలో ఉన్న డబ్బు ఖర్చయిపోతుందని మనుషులకి తమ గురించి తమకే తెలుసు, అందుకని దాని చుట్టూ పేరు అనే కంచె కట్టుకుంటారు.

చీటీనే తీసుకోండి. ఇరవై మంది, నెలకి ఐదు వేలు, ఇరవై నెలలు, లక్ష రూపాయల చీటీ. ప్రతి నెలా పాట. ఈ నెల ఎవరికో డబ్బు అర్జెంటు, ఇరవై వేలు తగ్గించుకుని ఎనభై వేలకి పాడుకున్నారనుకుందాం. ఆ ఇరవై వేలలో చీటీ నడిపేవాళ్ల కమిషన్ ఐదు వేలు పోగా మిగిలిన పదిహేను వేలూ ఇరవై మందికీ పంచితే మనిషికి 750, అంటే ఈసారి కట్టాల్సింది 4,250. చివరిదాకా ఆగినవాళ్లకి ఇలా తగ్గిన మొత్తాలే లాభం. వడ్డీ రేటుగా మార్చి చూస్తే అది బ్యాంకు రికరింగ్ డిపాజిట్ కంటే చాలాసార్లు పెద్దగా ఎక్కువేం ఉండదు, పైగా రిజిస్టర్ కాని చీటీల్లో నడిపేవాళ్లు రాత్రికి రాత్రి జెండా ఎత్తేసే భయం ఒకటి ఎప్పుడూ ఉంటుంది. 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టర్ అయినవాటికి కమిషన్ మీద పరిమితి ఉంది (2019 సవరణతో 5 శాతం నుంచి 7 శాతానికి పెరిగింది), కానీ వీధిలో నడిచే చీటీకి నమ్మకం తప్ప ఇంకో హామీ లేదు. అయినా జనం ఎందుకు వేస్తారు? ఆర్‌డీ అయితే ఫోన్లోనే మూసేయొచ్చు, అడిగేవాళ్లు లేరు. చీటీ డబ్బు కట్టకపోతే పదో తారీఖుకల్లా ఇంటి ముందుకి మనిషి వస్తారు, పక్కింటివాళ్లు చూస్తారు, పరువు పోతుంది. ఆ టెన్షన్ కోసమే జనం చీటీ వేస్తారంటే అతిశయోక్తి కాదు. తన మీద తనకి నమ్మకం లేని చోట పదిమంది కళ్లని కాపలా పెట్టుకోవడం అది.

ఇలాంటి కాపలా నిజంగా పనిచేస్తుందా అని ఫిలిప్పీన్స్‌లో ఒక బ్యాంకు ఖాతాదారుల మీద ప్రయోగం చేసి చూశారు. నవా అష్రఫ్, డీన్ కార్లాన్, వెస్లీ యిన్ అనే ఆర్థికవేత్తలు 2006లో దాన్ని ప్రచురించారు. ఖాతాదారు తనే ఒక తేదీనో ఒక మొత్తాన్నో పెట్టుకుంటారు, అది వచ్చేదాకా తన డబ్బు తనే తీసుకోలేరు. ఎక్కువ వడ్డీ ఏమీ లేదు. లెక్కప్రకారం చూస్తే ఇలాంటి ఖాతా ఎవరికీ అక్కర్లేదు, ఎందుకంటే మామూలు ఖాతాలో అదే వడ్డీ వస్తుంది, కావాలంటే తీసుకోవచ్చు కూడా. కానీ ఇలాంటి ఖాతా ఇస్తామని బ్యాంకు ఎవరికి చెప్పిందో వాళ్లలో 28 శాతం మంది తెరిచారు, ఏడాది తర్వాత చూస్తే అలా చెప్పిన మొత్తం గుంపు పొదుపు, చెప్పనివాళ్లతో పోలిస్తే సగటున 81 శాతం పాయింట్లు ఎక్కువగా పెరిగింది. మన దేశంలోనే కూలీ పనుల మీద బతికే కుటుంబాలతో దిలీప్ సోమన్, అమర్ చీమా చేసిన పరిశోధన ఇంకా సూటిగా ఉంటుంది: పొదుపు చేయాల్సిన డబ్బుని విడిగా కవర్లో పెట్టి సీలు వేసి ఇచ్చారు. ఒకే కవర్లో కాకుండా రెండు కవర్లలో పెట్టినప్పుడు ఎక్కువ మిగిలింది, కవరు మీద ఆ ఇంటి పిల్లల ఫొటో ఉంటే ఇంకా ఎక్కువ మిగిలింది. కాగితం కవరు చింపడానికి ఏ బలమూ అక్కర్లేదు. పిల్లల మొహం మీదుగా చింపాలంటే మాత్రం చేతులు రావు.

మన పోపుల డబ్బాది కూడా ఇదే పని, ఇంకొంచెం ఎక్కువే. ఆవాల కిందా మెంతుల కిందా, బియ్యం డ్రమ్ములో, చీర మడతల్లో ఆడవాళ్లు దాచే డబ్బు వాళ్ల ఖర్చు అలవాట్లకి అడ్డుకట్ట ఒక్కటే కాదు, ఆ డబ్బు మీద ఎవరికి హక్కు ఉంటుందనే ప్రశ్నకి జవాబు కూడా. కనిపిస్తే ఎవరో ఒకరు అడుగుతారు, మగడో, మరిదో, పెద్దకొడుకో. కనపడని డబ్బుని ఎవరూ అడగరు. 2016 నవంబర్ 8 రాత్రి ఐదు వందలు, వెయ్యి నోట్లు రద్దయినప్పుడు ఇలా దాచుకున్న నోట్లు ఒక్కసారిగా బయటికి తీయాల్సి వచ్చింది, డిసెంబర్ 30లోపు బ్యాంకులో వేయాలి, వేయాలంటే ఇంట్లో చెప్పాలి. ఎన్నో ఇళ్లలో ఆ డబ్బు బ్యాంకు ఖాతాలోకి వెళ్లింది గానీ అప్పటిదాకా దానికున్న పేరు పోయింది, "అమ్మ దాచుకున్నది" కాస్తా "ఇంట్లో ఉన్నది" అయిపోయింది. రూపాయల్లో చూస్తే ఎవరికీ ఏమీ నష్టం జరగలేదు. అయినా అది నష్టమే, దాన్ని లెక్కలోకి తీసుకోని అర్థశాస్త్రం మన ఇళ్లని అర్థం చేసుకోలేదు.

నెల్లూరు జిల్లా సంగతి ఈ కోణంలోంచి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. 1990ల మొదట్లో దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత అక్కడ పొదుపులక్ష్మి గుంపులు వచ్చాయి, రోజుకి ఒక్క రూపాయి. రూపాయి దాస్తే ఏం మిగులుతుందని లెక్క వేస్తే ఏడాదికి 365 మాత్రమే. కానీ సారా దుకాణానికి పోయే కూలి డబ్బులో ఒక రూపాయికి ఆ పూటే "పొదుపు" అని పేరు పెట్టి, గుంపులో అందరి ముందూ పుస్తకంలో రాయించడం వల్ల ఆ రూపాయి మళ్లీ ఇంకో పేరు మీదికి పోలేదు. తర్వాత డ్వాక్రా సంఘాలు ఇంత పెద్దవి కావడానికి ప్రభుత్వం, బ్యాంకు లింకేజీ అప్పులు అన్నీ కారణాలే, వాటి అడుగున మాత్రం ఈ చిన్న అలవాటు ఉంది.

ఇప్పుడు ఆ డిపాజిట్, ఆ కార్డు బాకీ దగ్గరికి వస్తే, "పాప పెళ్లి డబ్బు" ముట్టుకోకపోవడం మూర్ఖత్వమని తేల్చేయడం తొందరపాటే. ఆ ఇంటివాళ్లకి ఒక భయం ఉంది, సబబైన భయమే: డిపాజిట్ తీసి కార్డు కట్టేస్తే కార్డు లిమిట్ మళ్లీ ఖాళీ అవుతుంది, ఆరు నెలల్లో మళ్లీ నిండుతుంది, డిపాజిట్ మాత్రం ఎప్పటికీ తిరిగి నిండదు. ఏడాదికి 28 వేలు వాళ్లు ఆ భయానికి కడుతున్న ఫీజు. మరీ ఎక్కువ ఫీజు అది. కార్డు లిమిట్‌ని బ్యాంకుకి చెప్పి తగ్గించుకుని, అప్పుడు డిపాజిట్‌లోంచి కట్టేసి, ఇన్నాళ్లూ కార్డుకి పోతున్న నెల మొత్తాన్ని అదే తారీఖున పాప పేరు మీద ఆర్‌డీకి పోయేలా పెట్టుకుంటే పేరూ నిలుస్తుంది, వడ్డీ కూడా ఆగుతుంది. పేరుని గౌరవిస్తూనే లెక్క సరిచేసుకోవచ్చు. "మీకు లెక్క తెలీదు" అని మొదలుపెట్టే సలహాలు ఎవరి ఇంట్లోనూ పనిచేయవు.

అయితే ఏ కాపలా లేకుండా నష్టమొక్కటే చేసే పేర్లు కొన్ని ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే ఖరీదైనది "కొన్న రేటు". షేరు 400కి కొన్నారు, ఇప్పుడు 260. "కొన్న రేటుకి రానీ, అప్పుడు అమ్మేస్తా." ప్రతి షేరూ ఒక ఖాతా, నష్టంలో ఖాతా మూయడం మనసుకి ఇష్టం ఉండదు, ఎందుకంటే అంతే మొత్తం లాభం ఇచ్చే సంతోషం కంటే నష్టం పెట్టే బాధ దాదాపు రెట్టింపు ఉంటుందని కానెమన్, ట్వెర్‌స్కీల పని చెబుతుంది. అమ్మనంత సేపూ నష్టం జరగనట్టే అనిపిస్తుంది. దాంతో ఏమవుతుందంటే పెరిగినవి తొందరగా అమ్ముకుంటారు, పడినవి పట్టుకు కూర్చుంటారు. 1998లో టెరెన్స్ ఓడీన్ అమెరికాలో ఒక బ్రోకరేజీకి చెందిన పదివేల ఖాతాలు పరిశీలించి సరిగ్గా ఇదే చూపించారు, పైగా జనం అమ్మేసిన లాభాల షేర్లు ఆ తర్వాత, వాళ్లు దాచుకున్న నష్టాల షేర్ల కంటే సగటున బాగా నడిచాయి.

మన దగ్గర ఇది షేర్ల కంటే స్థలాల్లో ఎక్కువ. రియల్ ఎస్టేట్ ఊపులో ఉన్నప్పుడు గజం ఎంతకో కొన్న ప్లాటు, ఊపు తగ్గాక కొనేవాడు దొరికినా "అంతకి కొని ఇంతకి ఎలా అమ్ముతాం" అని ఏళ్లకి ఏళ్లు అలాగే ఉంచేస్తారు. ఆ ప్లాటు కొనడానికి తెచ్చిన అప్పుకి ఈలోపు వడ్డీ కడుతూనే ఉంటారు. బోస్టన్‌లో 1990ల్లో ఫ్లాట్ల ధరలు పడిపోయినప్పుడు జరిగినది కూడా ఇదేనని డేవిడ్ జెనెసోవ్, క్రిస్టఫర్ మేయర్ 2001లో లెక్కలతో చూపించారు: నష్టంలో ఉన్న యజమానులు, కొన్న ధరకీ మార్కెట్ ధరకీ మధ్య ఉన్న తేడాలో 25 నుంచి 35 శాతం దాకా తమ అడిగే ధర మీద అదనంగా వేసుకున్నారు, అందువల్ల అమ్మడానికి ఎక్కువ రోజులు పట్టింది. కొనేవాడికి మీరు ఎంతకి కొన్నారన్నదానితో పనే లేదు. ఆ అంకె మన తలలో తప్ప ఎక్కడా లేదు. నిజంగా వేసుకోవాల్సిన ప్రశ్న వేరే ఉంది: ఈ ప్లాటు లేకుండా దీని ఇవాళ్టి ధర అంత డబ్బు చేతిలో ఉంటే, ఇదే ప్లాటుని ఇవాళ ఇదే ధరకి కొంటామా? కొనం అని జవాబు వస్తే దాన్ని పెట్టుకుని కూర్చోవడంలో అర్థం లేదు. ఊరి మీద మమకారంతో ఉంచుకుంటే అది వేరే సంగతి, అప్పుడు అది పెట్టుబడి కాదని ఒప్పుకుంటే చాలు.

ఇక ఫ్యూచర్స్, ఆప్షన్స్, అంటే షేర్ల ధరలు ముందుముందు పెరుగుతాయా తగ్గుతాయా అన్నదాని మీద చేసే ఒప్పందాలు. 2024 సెప్టెంబర్‌లో షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ విడుదల చేసిన అధ్యయనం ప్రకారం 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఇందులోకి దిగిన కోటి మందికి పైగా మామూలు జనంలో 93 శాతం నష్టపోయారు, అందరి నష్టం కలిపితే 1.8 లక్షల కోట్లు దాటింది. నష్టం వస్తుందని తెలిసి కూడా జనం ఎందుకు ఆపరు? ఇక్కడ రెండు పేర్లు కలిసి పనిచేస్తాయి. మొదట్లో కొంచెం లాభం వస్తే అది "మార్కెట్ డబ్బు", మనది కాదు, పోతే పోనీలే అని ఎక్కువ రిస్కు తీసుకుంటారు. తర్వాత అసలులోంచి పోవడం మొదలయ్యాక అది "రాబట్టుకోవాల్సిన డబ్బు" అవుతుంది, ఒక్క ట్రేడులో పోయిందంతా వెనక్కి వచ్చే అవకాశం కనిపిస్తే మామూలుగా ఎప్పుడూ తీసుకోని రిస్కు తీసుకుంటారు. థేలర్, ఎరిక్ జాన్సన్ 1990లో ఈ రెండిటినీ ప్రయోగాల్లో చూశారు. వచ్చిన లాభం ఖాతాలో పడిన క్షణం నుంచీ అది అచ్చంగా మన డబ్బే, ఇంటి అద్దె కట్టగల డబ్బు. పోయింది పోయింది, దాన్ని రాబట్టే బాధ్యత తర్వాతి ట్రేడుకి లేదు. పిల్లల చదువుకని ఉంచిన డబ్బు, చివరికి స్నేహితుల దగ్గర చేబదులు తెచ్చిన డబ్బు కూడా ఈ "రాబట్టడం"లోకి పోతున్న ఇళ్లు చూస్తుంటే గుండె తరుక్కుపోతుంది, అందుకే ఈ మాట ఇంత గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

ఖాతా ఎప్పుడు తెరుస్తాం, ఎప్పుడు మూస్తాం అన్నదానికి కూడా పాత్ర ఉంటుంది. న్యూయార్క్ ట్యాక్సీ డ్రైవర్లు రోజుకింత అని లక్ష్యం పెట్టుకుని, గిరాకీ బాగున్న రోజు అది తొందరగా అందేసరికి ఇంటికి వెళ్లిపోతారని, గిరాకీ లేని రోజు ఎక్కువసేపు తిరుగుతారని 1997లో కొలిన్ క్యామరర్, థేలర్ తదితరులు రాశారు. ఇది చాలా ప్రచారమైంది. తర్వాత హెన్రీ ఫార్బర్ చాలా పెద్ద డేటాతో చూసి, ఎక్కువమంది డ్రైవర్లు అలా చేయడం లేదని, సంపాదన బాగున్నప్పుడే ఎక్కువసేపు నడుపుతున్నారని చూపించారు. ఈ రంగంలో ప్రతి ఆసక్తికరమైన కథా చివరిదాకా నిలబడదని గుర్తుంచుకోవడం మంచిది.

బోనస్ సంగతి త్వరగా చెప్పేయొచ్చు. నెలకి పది వేలు పెరిగితే అది జీతంలో కలిసి ఇంటి ఖర్చుల్లోకి పోతుంది, ఏడాదికోసారి లక్షా ఇరవై వేలు ఒకేసారి వస్తే ఫోనో, టూరో, డైనింగ్ టేబులో అవుతుంది. పేరు బట్టి ఖర్చు మారుతుందని అమెరికాలో విద్యార్థుల మీద చేసిన ప్రయోగాల్లో కూడా తేలింది; అదే డబ్బుని బోనస్ అని ఇస్తే ఎక్కువ ఖర్చుపెట్టారు, కట్టిన ఫీజులోంచి వెనక్కి ఇస్తున్నాం అని ఇస్తే దాచుకున్నారు.

ఇప్పుడు ఫోన్లో డబ్బు కట్టే కాలం వచ్చింది, దీంతో ఈ లెక్కలన్నీ కదిలిపోయాయి. 2016లో మొదలైన యూపీఐ 2023 ఆగస్టులో మొదటిసారి ఒక్క నెలలో వెయ్యి కోట్ల లావాదేవీలు దాటింది. చేతిలోంచి నోటు వెళ్తుంటే కలిగే చిన్న బాధ కార్డుతో కట్టేటప్పుడు తగ్గుతుందని చాలాకాలంగా తెలుసు. ఎంఐటీలో డ్రాజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ 2001లో ప్రచురించిన ప్రయోగంలో బాస్కెట్‌బాల్ మ్యాచ్ టికెట్లకి వేలం పెడితే, కార్డుతో కట్టాల్సినవాళ్లు, నగదు కట్టాల్సినవాళ్ల కంటే సగటున రెట్టింపు పైనే పాడారు. యూపీఐ క్రెడిట్ కార్డు కాదు, డబ్బు ఆ క్షణమే పోతుంది, మెసేజ్ కూడా వస్తుంది, కాబట్టి ఆ ఫలితాన్ని దీనికి యథాతథంగా అంటగట్టకూడదు. దీనితో వచ్చిన ఇబ్బంది వేరే. పాలవాడు, అద్దె, స్కూలు ఫీజు, టీ, పానీపూరీ, ఆన్‌లైన్‌లో చీర, అన్నీ ఒకే ఖాతాలోంచి పోతాయి. పోపుల డబ్బా లేదు, కవర్లు లేవు, పుస్తకంలో మడతపెట్టి దాచిన నోటు లేదు. తెర మీద ఒకే ఒక్క అంకె కనిపిస్తుంది, అది నెల మొదట్లో పెద్దదిగా ఉంటుంది కాబట్టి ప్రతి చిన్న ఖర్చూ దాని పక్కన ఏమీ కానట్టు కనిపిస్తుంది, నాలుగు లక్షల హారం పక్కన నాలుగు వేలు కనిపించినట్టే. "ఏం కొన్నామో తెలీదు, ఇరవయ్యో తారీఖుకే అయిపోయింది" అనే మాట ఇప్పుడు ఇన్ని ఇళ్లలో వినిపించడానికి ధరలు ఒక కారణమైతే, పేర్లన్నీ చెరిగిపోయి డబ్బంతా ఒకే రాశి అవడం ఇంకో కారణం అనిపిస్తుంది.

చేయగలిగింది పెద్ద కష్టమైనదేం కాదు. జీతం పడే ఖాతాని ఫోన్‌పే, గూగుల్ పే లాంటి యాప్‌లకి లింక్ చేయకుండా వదిలేసి, రోజువారీ ఖర్చులకి ఇంకో ఖాతా పెట్టుకుని, దానిలోకి వారానికోసారి ఇంత అని పంపుకోవడం. వారానికోసారి ఎందుకంటే, నెలకి సరిపడా ఒకేసారి పంపితే మళ్లీ అదే పెద్ద అంకె తయారవుతుంది. జీరో బ్యాలెన్స్ ఖాతా అయితే మినిమం బ్యాలెన్స్ గొడవ కూడా ఉండదు. అద్దె, ఫీజు, చీటీ, ఆర్‌డీ లాంటివి జీతం పడిన మర్నాడే మొదటి ఖాతాలోంచే వాటంతటవే వెళ్లిపోయేలా పెట్టేయాలి, మిగిలిందాన్ని బట్టి వారం మొత్తం ఎంతో తేల్చుకోవాలి. చిన్నచిన్న ఖర్చులకి యూపీఐ లైట్ వాడేవాళ్లకి అందులోనే ఒక హద్దు ఉంది, ఒకసారికి 1,000, మొత్తం 5,000కి మించి అందులో ఉంచలేం. పిన్ అడగదు కాబట్టి ఖర్చు ఇంకా తేలిక, కానీ అయిపోయినప్పుడు మళ్లీ నింపాలంటే ఒక్క క్షణం ఆగి చూసుకోవాల్సి వస్తుంది. ఆ క్షణం ఉంచుకోవాలంటే సెట్టింగ్స్‌లో ఆటో టాపప్ ఆన్ చేసి ఉందేమో చూసి ఆఫ్ చేసుకోండి, అది ఆన్‌లో ఉంటే డబ్బు అయిపోయిన సంగతే తెలియకుండా ఖాతాలోంచి మళ్లీ నిండిపోతుంది.